హన్నిబాల్ ఆల్ప్స్ దాటాడు సరే, ఎంతకు దాటాడు?

హన్నిబాల్ అనగానే అందరికీ గుర్తొచ్చేది మంచుకొండల మీద ఏనుగులు. ఎవరు బొమ్మ గీసినా అదే, ఎవరు వీడియో చేసినా థంబ్‌నెయిల్ అదే. ఏనుగులు ఉన్నమాట నిజమే, ఇప్పటి ఫ్రాన్స్‌లోని రోన్ నది దగ్గర లెక్కపెడితే 37 తేలాయి. కానీ క్రీ.పూ. 218లో ఈ కార్తేజ్ (ఉత్తర ఆఫ్రికాలో రోమ్‌కి ప్రత్యర్థి రాజ్యం) సేనాని రోమ్ మీద యుద్ధానికి స్పెయిన్ నుంచి బయల్దేరి ఆల్ప్స్ మీదుగా ఇటలీలో దిగిన తీరు అర్థం కావాలంటే ఏనుగుల్ని కాసేపు పక్కన కట్టేసి మనుషుల లెక్క చూడాలి. ఎంతమంది బయల్దేరారు, ఎంతమంది చేరారు, మిగతావాళ్లు ఏమైపోయారు?

గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ ఇచ్చిన అంకెలివి. ఇప్పటి కార్తజేనా నుంచి బయల్దేరినప్పుడు కాల్బలం 90 వేలు, గుర్రపు దళం 12 వేలు. స్పెయిన్ సరిహద్దులో పిరనీస్ కొండలు దాటేటప్పుడు 50 వేలు, 9 వేలు. రోన్ నది దాటాక 38 వేలు, 8 వేల పైచిలుకు. ఇటలీ మైదానంలో అడుగుపెట్టింది 20 వేల కాల్బలం, 6 వేల గుర్రాలు. అంటే లక్ష దాటిన సైన్యంలో గమ్యం చేరింది 26 వేలు, నలుగురిలో ఒకడు.

మొదటి అంకె మీద చాలామంది చరిత్రకారులకు నమ్మకం లేదు, అంత పెద్ద సైన్యాన్ని ఆ రోజుల్లో అంత దూరం నడిపించడం కుదరని పని అంటారు. కుదిరినా కుదరకపోయినా, చివరి అంకెని మాత్రం తేలిగ్గా తీసిపారేయలేం. అది హన్నిబాల్ స్వయంగా రాయించినది. దక్షిణ ఇటలీలో లాకీనియం దగ్గరున్న హేరా గుడిలో ఆయన ఒక కంచు ఫలకం పెట్టించాడు, పాలిబియస్ దాన్ని కళ్లారా చూసి అందులోని లెక్క రాసుకున్నాడు. గొప్ప చెప్పుకోవడానికి పెట్టించిన ఫలకంలో తన బలాన్ని తగ్గించి రాయించుకునేవాడు ఎవడూ ఉండడు కదా. ఇంకో సాక్ష్యం రోమన్ల వైపు నుంచే ఉంది. హన్నిబాల్‌కి యుద్ధఖైదీగా దొరికిన లూసియస్ కింకియస్ అలిమెంటస్ అనే రోమన్ అధికారి, రోన్ దాటాక 36 వేల మందిని పోగొట్టుకున్నానని హన్నిబాల్ తనతోనే అన్నట్టు రాశాడు. పాలిబియస్ లెక్కతో ఇది సరిపోదు. ఏది తీసుకున్నా నష్టం మాత్రం భయంకరమైనదే.

జాగ్రత్తగా చూస్తే, ఆల్ప్స్ కనబడక ముందే సగానికి సగం కరిగిపోయింది. స్పెయిన్ ఉత్తరాన కాపలాకి హన్నో అనే సేనాని దగ్గర 11 వేలమందిని వదిలాడు, దాదాపు అంతేమందిని ఇళ్లకు పంపేశాడు. ఈ ఇళ్లకు పంపడం వెనక ఉన్న సంగతి రోమన్ రచయిత లివీ చెప్తాడు. కార్పెటానీ తెగవాళ్లు మూడు వేలమంది దారిలో వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. వాళ్లని పట్టుకుని శిక్షిస్తే మిగతావాళ్లు బెదిరిపోతారు, ఊరుకుంటే రేపు ఇంకో గుంపు పోతుంది. అందుకని హన్నిబాల్, రావడానికి మనసు లేనివాళ్లని ఇంకో ఏడు వేలమందిని ఏరి తనే ఇంటికి పంపి, ముందు పోయినవాళ్లని కూడా తనే పంపినట్టు కలరింగ్ ఇచ్చాడు. పరువు దక్కింది, సైన్యంలో గుసగుసలూ ఆగాయి. పిరనీస్ నుంచి రోన్ వరకు పెద్ద యుద్ధమేదీ లేకుండానే మరో 13 వేలు తగ్గిందంటే, పారిపోయినవాళ్లే ఎక్కువై ఉండాలి. కూలికి వచ్చిన సిపాయికి ఊరు దూరమయ్యేకొద్దీ కాళ్లు వెనక్కి లాగడం సహజం.

ఇంత నష్టం తెలిసీ కొండల మీదుగా ఎందుకు? సముద్రం ఉంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. సముద్రం రోమన్లది. రోమ్‌కీ కార్తేజ్‌కీ మధ్య మొదటి యుద్ధం (మొదటి ప్యూనిక్ యుద్ధం అంటారు) క్రీ.పూ. 264లో మొదలై 241లో ముగిసింది. కార్తేజ్ ఆ యుద్ధంలో సిసిలీని, దాంతోపాటు నౌకాబలాన్నీ పోగొట్టుకుంది, పైగా 3200 టాలెంట్ల (టాలెంట్ అప్పటి తూకం) వెండి జరిమానా కట్టింది. ఆ వెంటనే సార్డీనియా కూడా చేజారింది. 218 నాటికి రోమ్ నీళ్లలోకి దించిన పెద్ద యుద్ధనౌకలు 220. స్పెయిన్‌లో కార్తేజ్‌కి ఉన్నవి 50, వాటిలో తెడ్లు వేసేవాళ్లు పూర్తిగా ఉన్నవి 32 మాత్రమే. వేల గుర్రాల్ని ఓడల్లోకి ఎక్కించి, శత్రువు నౌకలు తిరిగే నీళ్లలో, దిగడానికి ఒక్క రేవు కూడా చేతిలో లేకుండా బయల్దేరడమంటే ప్రాణాల్ని గాలిలో దీపంలా పెట్టడమే. ఇక తీరం వెంబడి వెళ్దామంటే మసీలియా, అంటే ఇప్పటి మార్సెయ్, రోమ్‌కి నమ్మకమైన మిత్రనగరం.

దీనికి తోడు ఇంకో కారణం ఉంది, అసలైనది అదే. కొండలకు అవతల ఉన్న పో నది మైదానంలో గాల్ తెగలు రోమ్ మీద పళ్లు నూరుతున్నాయి. సరిగ్గా ఆ ఏడాదే రోమ్, ఈ తెగల భూముల మధ్య ప్లాసెంటియా, క్రెమోనా అనే రెండు వలస పట్టణాలు కట్టడానికి వేల కుటుంబాల్ని పంపింది. బోయీ, ఇన్సుబ్రెస్ తెగలు తిరగబడ్డాయి. వీళ్ల దూతలు ముందే హన్నిబాల్ దగ్గరికి వచ్చిపోయారు. అంటే అతని ప్లాన్‌లో ఆల్ప్స్ గోడ కాదు, గుమ్మం. సగం సైన్యం కొండల్లో పోయినా అవతల దాన్ని మళ్లీ నింపుకోవచ్చు అన్నది లెక్క. దారిలో మనుషులు పోతారని తెలియక బయల్దేరినవాడు కాదు, ఎంత పోతే ఎంత వస్తుందో లెక్క వేసుకుని బయల్దేరినవాడు. అప్పటికి వయసు ముప్పై కూడా నిండలేదు.

ఎక్కడ తేడా కొట్టిందంటే, టైమ్ దగ్గర. ఎబ్రో నదికీ పిరనీస్‌కీ మధ్య తెగలతో పోరాడటానికే వేసవి చాలా మటుకు అయిపోయింది. రోన్ దగ్గర వోల్కే తెగవాళ్లు అవతలి ఒడ్డున అడ్డుగా నిలబడితే, ఒక దళాన్ని ఎగువకి పంపి, వాళ్లు నది దాటి వెనకనుంచి పొగతో సైగ చేశాక ఇవతలనుంచి దిగాల్సొచ్చింది. ఏనుగుల్ని దాటించడానికి పెద్ద పెద్ద తెప్పలు కట్టి, నేలలా కనబడాలని పైన మట్టి పరిచి, ముందు ఆడ ఏనుగుల్ని నడిపించారు. కొన్ని బెదిరి నీళ్లలో పడి, తొండాలు పైకెత్తి అడుగున నడుచుకుంటూ ఒడ్డుకొచ్చాయి. (గ్రీకు రచయితలు మావటివాళ్లని ‘ఇండియన్లు’ అనే రాస్తారు. అలెగ్జాండర్ పురుషోత్తముడితో పోరాడాక, చంద్రగుప్తుడు సెల్యూకస్‌కి 500 ఏనుగులు ఇచ్చాక, ఆ విద్య మన దగ్గర్నుంచే మధ్యధరా దేశాలకు పాకింది. హన్నిబాల్ ఏనుగులు మాత్రం చాలావరకు ఉత్తర ఆఫ్రికా అడవులవి, మన ఏనుగుల కన్నా పొట్టివి.)

ఈలోగా రోమన్ కాన్సుల్ (ఏడాదికి ఎన్నికయ్యే ఇద్దరు పాలకుల్లో ఒకడు) పబ్లియస్ స్కిపియో సైన్యంతో రోన్ ముఖద్వారం దగ్గర దిగాడు. అతను హన్నిబాల్ విడిది చేరేసరికి అది ఖాళీ అయి మూడు రోజులైంది. అక్కడ స్కిపియో తీసుకున్న నిర్ణయం గురించి ఎక్కువమంది మాట్లాడరు గానీ, యుద్ధం మొత్తం మీద దాని నీడ పడింది. సైన్యాన్ని అన్న నీయస్‌తో స్పెయిన్‌కి పంపి, తను మాత్రం పో మైదానం కాపలాకి ఇటలీ తిరిగెళ్లాడు. హన్నిబాల్‌కి వెనకనుంచి రావాల్సిన మనుషులకీ, వెండికీ అక్కడే అడ్డుకట్ట పడింది.

కొండ ఎక్కడానికి ముందు హన్నిబాల్‌కి ఒక అదృష్టం కలిసొచ్చింది. రోన్ ఎగువన ఒక తెగలో ఇద్దరు అన్నదమ్ములు రాజ్యం కోసం కొట్టుకుంటుంటే అన్న పక్షాన నిలిచి తగువు తీర్చాడు. ప్రతిఫలంగా ధాన్యం, కొత్త ఆయుధాలు, వెచ్చటి బట్టలు, చెప్పులు దొరికాయి. ఆఫ్రికా ఎండలో పెరిగిన సిపాయికి అక్టోబరు ఆల్ప్స్‌లో మంచి చెప్పుల జత కత్తి కన్నా విలువైనది.

తిండి సంగతి లేకుండా ఈ కథ చెప్పడం శుద్ధ దండగ. రఫ్‌గా వేసుకుందాం. మనిషికి రోజుకి కిలో గింజలు అనుకుంటే నలభై ఆరు వేలమందికి 46 టన్నులు. పాలిబియస్ చెప్పినట్టు కొండల్లో పదిహేను రోజులైతే దాదాపు 700 టన్నులు. ఒక కంచరగాడిద వంద కిలోలు మోస్తే ఏడు వేల కంచరగాడిదలు కావాలి, వాటికీ మేత కావాలి, ఎనిమిది వేల గుర్రాలకీ కావాలి. ఏనుగు ఒక్కటే రోజుకి నూట యాభై కిలోల దాకా తింటుంది. కింద లోయల్లో గడ్డి దొరుకుతుంది, చెట్లున్నంత వరకు ఆకో అలమో దొరుకుతుంది. పైకి వెళ్లాక చెట్టు లేదు, గడ్డి మీద మంచు. కాబట్టి ఈ సైన్యానికి పైన ఆగడానికి వీల్లేదు, తొందరగా పోవడానికి దారి లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

దారి ఇరుకు గురించి కూడా ఒక్క లెక్క చాలు. ఎనిమిది వేల గుర్రాల్ని ఒకదాని వెనక ఒకటిగా, ఒక్కోదానికి మూడు మీటర్లు వదిలి నడిపిస్తే వరస 24 కిలోమీటర్లు. అది గుర్రాలకే. వీళ్లు రోజుకి నడిచింది సగటున 15 కిలోమీటర్లు, ఎందుకంటే ఆల్ప్స్ భాగం మొత్తం 220 కిలోమీటర్ల దాకా ఉంది. అంటే వరస పొడవు ఒక రోజు నడక కన్నా ఎక్కువ, ముందువాళ్లు రాత్రి మకాంకి చేరినా చివరివాళ్లు పొద్దున్న బయల్దేరిన చోటు కూడా దాటి ఉండరు. ఘాట్ రోడ్డు మలుపులో ఒక్క లారీ అడ్డం పడితే కిలోమీటర్ల కొద్దీ బండ్లు ఎలా నిలిచిపోతాయో, ఒక్క గుర్రం బెదిరినా ఇక్కడ అదే పరిస్థితి.

అల్లోబ్రోగెస్ తెగవాళ్లు కొట్టింది సరిగ్గా ఈ బలహీనత మీదే. మొదటి ఇరుకు కనుమ దగ్గర పైన గుట్టల మీద కూర్చున్నారు. హన్నిబాల్ తొందరపడలేదు, గాల్ గూఢచారుల్ని పంపి కనుక్కుంటే తెలిసిందేమంటే, వాళ్లు పగలు కాపలా కాసి రాత్రి ఊళ్లోకి ఇళ్లకి వెళ్లిపోతారని. ఆ రాత్రి విడిదిలో మంటలు ఎప్పటికన్నా ఎక్కువ వేయించి, తేలిక ఆయుధాల దళంతో తనే చీకట్లో ఎక్కి ఆ గుట్టల మీద కూర్చున్నాడు. పొద్దున్న వాళ్లొచ్చి చూసి కాసేపు తటపటాయించినా, కింద సామాన్ల గుర్రాలు ఇరుకులో తన్నుకులాడుతుంటే చూసి ఆగలేకపోయారు. గాయపడ్డ గుర్రాలు వెనక్కి తిరిగి మిగతావాటి మీద పడి, మూటలతో సహా లోయలోకి దొర్లాయి. హన్నిబాల్ పైనుంచి దిగి వాళ్లని తరిమాడు, కానీ ఆ తోపులాటలో తనవాళ్లు కూడా పోయారు. తర్వాత ఆ ఊరు పట్టుకుంటే రెండు మూడు రోజులకు సరిపడా ధాన్యం, పశువులు దొరికాయి. ఇంత పోరాటం చేసి గెలిచింది ఆ రెండు మూడు రోజుల తిండి.

రెండో దెబ్బ స్నేహం ముసుగులో వచ్చింది. కొమ్మలు పట్టుకుని పెద్దమనుషులొచ్చారు, బందీలుగా తమవాళ్లని ఇచ్చారు, పశువుల్ని ఇచ్చారు, దారి చూపిస్తామన్నారు. హన్నిబాల్‌కి అనుమానం ఉంది, కాదంటే ఇప్పుడే తిరగబడతారని ఒప్పుకున్నాడు. అయితే వరస మార్చేశాడు, సామాన్లనీ గుర్రాల్నీ ముందుకి పంపి, బరువు ఆయుధాల కాల్బలాన్ని చివర పెట్టాడు. ఊహించినట్టే రెండో రోజు ఇరుకు లోయలో వెనకనుంచి పడ్డారు, పైనుంచి బండలు దొర్లించారు. వరస మార్చకపోయుంటే సైన్యం అక్కడే ముగిసిపోయేది అంటాడు పాలిబియస్. ఆ రాత్రి హన్నిబాల్ సగం సైన్యంతో ఒక తెల్లటి బండ దగ్గర, గుర్రాలూ సామాన్లూ లేకుండా, నిలువుకాళ్ల మీద గడిపాడు. ఏనుగులు బాగా పనికొచ్చింది ఈ కొండల్లో. ఎప్పుడూ చూడని జంతువు కావడంతో అవి ఉన్న వైపు కొండజనం దగ్గరికే రాలేదు.

తొమ్మిదో రోజు శిఖరం. కృత్తికలు అస్తమించే కాలమని రాశారు, అంటే అక్టోబరు చివర, నవంబరు మొదలు. రెండు రోజులు ఆగారు. ఆ రెండు రోజుల్లో ఒక విచిత్రం జరిగింది. దాడుల్లో బెదిరి పారిపోయిన గుర్రాలు, మూటలు పడేసుకున్న కంచరగాడిదలు సైన్యం అడుగుల జాడ పట్టుకుని వాటంతటవే విడిదికి వచ్చేశాయి. మంచు పడుతోంది, జనం నీరసించిపోయారు. హన్నిబాల్ వాళ్లకి కింద కనబడే పో మైదానాన్ని చూపించి, రోమ్ ఎటువైపో చెప్పి ధైర్యం నూరిపోశాడట.

ఇక దిగడం. ఎక్కేటప్పుడు మనుషులు చంపారు, దిగేటప్పుడు ఒక్క శత్రువు కూడా లేడు, అడపాదడపా దొంగలు తప్ప. అయినా నష్టం దాదాపు అంతే. కిందటి ఏడాది గట్టిపడిన పాతమంచు మీద ఈ ఏడాది మెత్తటి మంచు పడి ఉంది. పైపొరలో కాలు దిగుతుంది, కింది పొరలో దిగదు, జర్రున జారుతుంది. చేతులతో మోకాళ్లతో ఆపుకుందామనుకుంటే ఇంకా జారుడు. పశువులకి దీనికి పూర్తిగా వ్యతిరేకం, లేవడానికి తన్నుకునేసరికి వాటి బరువుకి కింది పొర పగిలి కాళ్లు దిగబడిపోయాయి, మూటలతో సహా అక్కడే ఇరుక్కున్నాయి. అలాంటి చోట ఒక కొండచరియ విరిగిపడి దాదాపు 280 మీటర్ల మేర దారి అనేదే లేకుండా పోయింది. చుట్టుతిరిగి పోదామని చూశారు, కుదరలేదు. చివరికి మంచు తవ్వి విడిది వేసి, కొండ అంచున దారి కట్టడం మొదలుపెట్టారు. ఒక్క రోజులో గుర్రాలకీ గాడిదలకీ సరిపడేంత దారి వేశారు. వాటిని వెంటనే మంచు లేని కింది చరియలకి మేతకి తోలేశారు. ఏనుగులు పట్టే వెడల్పు రావడానికి నుమిడియన్లు (సైన్యంలోని ఉత్తర ఆఫ్రికా రౌతులు) వంతులవారీగా పనిచేసినా మూడు రోజులు పట్టింది, ఈలోగా అవి తిండిలేక ఎముకలు తేలాయి.

ఇక్కడే ఆ వెనిగర్ కథ వస్తుంది. బండల్ని మంటలతో కాల్చి, పులిసిన ద్రాక్షసారా పోసి పగలగొట్టారని లివీ రాశాడు. లివీ రాసింది రెండు వందల ఏళ్ల తర్వాత. అరవై డెబ్భై ఏళ్ల తేడాలో బతికి, ఆ దారిన తనే నడిచి, చూసినవాళ్లతో మాట్లాడానని చెప్పుకున్న పాలిబియస్ దాని ఊసే ఎత్తలేదు. కాల్చిన సున్నపురాయి మీద పులుపు పోస్తే పగలడం అసాధ్యమేమీ కాదు, కానీ చెట్లు లేని ఎత్తులో అంత కట్టె ఎక్కడిది, ఆకలితో ఉన్న సైన్యం దగ్గర అంత సారా ఎక్కడ మిగిలింది? పుక్కిటి పురాణంలానే ఉంది.

ఏ కనుమ దాటాడు అన్న గొడవ రెండు వేల ఏళ్లుగా తెగలేదు. మాంట్ సెనీ అంటారు, క్లాపియే అంటారు, మాంట్‌జెనెవ్ర్ అంటారు. 2016లో శాస్త్రవేత్తలు మూడు వేల మీటర్లకు కాస్త తక్కువ ఎత్తున్న ట్రావర్సెట్ కనుమ దగ్గర బురదలో, జంతువులు బాగా తొక్కి చెదరగొట్టిన ఒక పొర కనిపెట్టారు, అందులో గుర్రపు పేడలో ఉండే బ్యాక్టీరియా జాడలు, కాలం చూస్తే ఇంచుమించు అదే. పేడతో చరిత్ర తేల్చడం వినడానికి నవ్వొచ్చినా పద్ధతి మంచిదే. కానీ హన్నిబాల్ సైన్యానిదే అని ఖాయంగా చెప్పగల కత్తో నాణెమో దొరకనంత వరకు పందెం కాయడం అనవసరం. 1959లో కొందరు బ్రిటిషర్లు జంబో అనే ఏనుగుని మాంట్ సెనీ మీదుగా ఇటలీకి నడిపించారు కూడా. ఏనుగు దాటగలదు అని తేలింది, హన్నిబాల్ అక్కడే దాటాడు అని తేలలేదు.

సరే, అంత ఖర్చుకి ఏం వచ్చింది? మొదట్లో అనుకున్నదంతా వచ్చింది. దిగగానే టౌరినీ తెగవాళ్లు మాట వినకపోతే ఇప్పటి టూరిన్ దగ్గరున్న వాళ్ల పట్టణాన్ని మూడు రోజుల్లో పట్టుకున్నాడు. టికినస్ దగ్గర స్కిపియో గుర్రపు దళం ఓడింది, డిసెంబరులో ట్రెబియా దగ్గర రెండు కాన్సుల్ సైన్యాలు ఓడాయి, గాల్ యువకులు వేలకి వేలు వచ్చి చేరారు. కొండల్లో పడ్డ చిల్లు పూడింది. ట్రెబియా తర్వాత చలికి ఏనుగులన్నీ చచ్చిపోయి ఒక్కటి మిగిలింది. మరుసటి ఏడాది ఆర్నో బురదనేలల్లో దాని మీద కూర్చుని వెళ్తూ హన్నిబాల్ కంటిజబ్బుతో ఒక కన్ను పోగొట్టుకున్నాడు. చావు తప్పి కన్ను లొట్టపోవడమంటే ఇదేనేమో. 216 ఆగస్టులో కానే దగ్గర హన్నిబాల్ చేతిలో రోమ్‌కి, తన చరిత్రలోని అతి పెద్ద ఓటముల్లో ఒకటి.

అయినా యుద్ధం గెలవలేదు. కొండ దాటడమనే ఎత్తు ఒక్కసారే పనిచేసేది, దాన్ని సరఫరా దారిగా వాడుకోలేడు. మనిషి వస్తాడు, గుర్రం వస్తుంది, ప్రతి ఏడాదీ పదివేల మంది రావడం జరగదు. రోమ్‌కి మాత్రం పోయిన సైన్యం స్థానంలో ఇంకో సైన్యం ఇంటి గడప దగ్గరే తయారవుతోంది. కార్తేజ్ నుంచి 215లో ఓ చిన్న దళం లోక్రీ రేవులో దిగింది, అంతకు మించి సముద్రం మీదుగా హన్నిబాల్‌కి చెప్పుకోదగ్గ సాయం అందలేదు.

తమ్ముడు హస్ద్రుబల్ 207లో అవే ఆల్ప్స్ దాటాడు. అన్నకి తలప్రాణం తోకకొచ్చిన కొండలు తమ్ముడికి పెద్దగా అడ్డు చెప్పలేదు. ఈ సైన్యాలు తమ ఊళ్ల కోసం రావట్లేదని కొండజనానికి అప్పటికి అర్థమైంది, దారులూ కొంత మెరుగయ్యాయి. కానీ తను ఉంబ్రియాలో కలుస్తానని హన్నిబాల్‌కి రాసిన ఉత్తరం ఇటలీ పొడవునా తిరిగి టరెంటం దగ్గర రోమన్ల చేతికి చిక్కింది, మెటారస్ నది దగ్గర హస్ద్రుబల్ చనిపోయాడు.

ఇంకో తమ్ముడు మాగో సంగతి వింటే మొదటి ప్రశ్న మళ్లీ తలెత్తుతుంది. 205లో అతను ముప్పై యుద్ధనౌకలు, రవాణా ఓడలతో 12 వేల కాల్బలాన్ని, రెండు వేల గుర్రాల్ని సముద్రం మీదుగానే తెచ్చి జెనోవాలో దిగాడు, రోమన్ నౌకాదళం ఆపలేకపోయింది. మరి హన్నిబాల్ అనవసరంగా సగం సైన్యాన్ని కొండల్లో పారేశాడా అంటే, అలా అనడం కష్టం. మాగో తెచ్చినదానికి దాదాపు రెట్టింపు బలం హన్నిబాల్ కొండ దిగాకే మిగిల్చుకున్నాడు, గుర్రాలైతే మూడింతలు. ట్రెబియాలోనూ కానేలోనూ ఫలితం తేల్చింది ఆ గుర్రాలే, స్పెయిన్‌లో ఉన్న ఆ 32 నౌకల వెంట అన్ని గుర్రాలు వచ్చేవి కావు.